వరదనాడు మా వీధి ఇళ్ళను ఎవరికి అప్పగించి వెళ్ళాలి?

నగసుకా పట్టణం,
మే నెలాఖరు.

శ్రీయుత నదీ నిర్వహణ విభాగాధిపతి గారి సముఖమునకు,
షిమొదె వీధి చివరి ఇంటి నివాసిని, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు ఉసామి కినుకొ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఉరసె నదీ పరీవాహక ప్రాంత వరద ప్రణాళికలో నన్ను "ఇల్లు విడిచి వచ్చుటకు నిరాకరించిన ఒక వృద్ధురాలు" అని పేర్కొన్న వాక్యమును సవరించుట గురించి; మరియు రాబోవు వానలలో నేను మునిగిపోకుండుట గురించి.

పై రెండింటిలో ఒక్కటే వీలవుతుందని తమ కార్యాలయం భావించిన పక్షంలో రెండవదానిని ముందుగా చూడగలరు. మునిగిపోయాక సవరణ చదువుకుని సంతోషించే అవకాశం నాకు ఉండదు.

వివరములు ఈ దిగువన మనవి చేసుకొనుచున్నాను.

1. తమ విభాగం ప్రచురించిన ప్రణాళికను నేను అనుబంధాలతో సహా చదివితిని. ఉద్యోగ జీవితమంతా ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో భూగోళం చెప్పినదానిని కనుక పటాలు చూసి జడుసుకునే రకం కాదు. అనుబంధాలు కూడా చదివిన మనిషి ఈ పట్టణంలో నేనొక్కతెనే అయి ఉంటాను. వాటి రచన చూస్తే, రాసినవారు సైతం తిరిగి చదివినట్టు తోచదు.

నాకు అర్థమైనంతలో సారాంశం ఇది. పై ఊళ్ళవాళ్ళు తమ కరకట్టలు ఎత్తు పెంచుకున్నారు. అందువల్ల నీళ్ళు అక్కడ ఆగకుండా కిందికి వచ్చేస్తాయి. కింద పట్టణాల్లో జనం ఎక్కువ, దుకాణాలు ఎక్కువ, ఓట్లు కూడా ఎక్కువే. నడిమధ్యన మా షిమొదె వీధీ, దాని వెనక వరిపొలాలూ ఉన్నాయి. ఇక్కడ జనం తక్కువ, ఉన్నవాళ్ళం ముసలివాళ్ళం. కావున నది ప్రమాద రేఖ దాటగానే మా వీధి చివరనున్న లాకు తలుపులు ఎత్తి, నీళ్ళను మా మీదికి వదులుతారు. దీనికి ప్రణాళికలో "ప్రాంతీయ సమతుల్య వరద విస్తరణ" అని పేరు పెట్టారు. పేరు బాగుంది. పెళ్ళిపత్రిక మీద కూడా వేయించుకోవచ్చు.

ఈ విస్తరణకు నాకు అభ్యంతరం లేదని ముందే తెలియజేస్తున్నాను. నీళ్ళు ఎక్కడో ఒక చోట నిలవాలి. మా తాతల నాటి నుంచీ ఇక్కడే నిలుస్తున్నాయి. అప్పట్లో చెప్పకుండా వచ్చేవి, ఇకమీదట సంతకాలతో వస్తాయి, అంతే తేడా. నా ఇబ్బందల్లా ప్రణాళికలోని ఒకే ఒక వాక్యంతో వచ్చింది: "నివాసులందరూ వీధి ఖాళీ చేసినట్టు నిర్ధారణ అయిన పిమ్మటనే తలుపులు ఎత్తవలెను." నిజానికి అందులోకెల్లా మంచి వాక్యం అదే. నిరుడు దానికి అడ్డంపడిన మనిషిని మాత్రం నేనే.

2. నిరుడు శరదృతువులో తుఫాను వచ్చిన మధ్యాహ్నం, వీధి ఖాళీ చేయవలసినదిగా తమవారు మైకులో ప్రకటించారు. ఆ మైకు మాట ఎదురుకొండకు తగిలి తిరిగి వస్తుంది గనుక మాకు ప్రతిదీ రెండుసార్లు వినిపిస్తుంది, రెండుసార్లూ అర్థం కాదు. అయినా సందర్భాన్ని బట్టి గ్రహించాం. వీధిలో బస్సు తిరగదు కాబట్టి బస్సును వీధి మొదట్లో ఆపారు. మొదటి ఇంటివాళ్ళు మొదట ఎక్కాలి, చివరి ఇంటివాళ్ళు చివర ఎక్కాలి అని ఏర్పాటు. కాగితం మీద ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

అయితే మా దగ్గర ఒక అలవాటు ఉంది. తమరు రాజధానీ నగరంలో, తలుపు వేస్తే తాళం దానంతటదే పడే ఇళ్ళలో ఉండి వచ్చారని విన్నాను కనుక వివరించడం నా విధి. మేము ఇల్లు వదిలి ఎక్కడికి వెళ్ళినా, పళ్ళ డాక్టరు దగ్గరికైనా, వేడినీటి బుగ్గల దగ్గర రెండు రోజులుండి రావడానికైనా, పక్కింటి గుమ్మంలో ఆగి "వెళ్ళొస్తాం, కాస్త చూస్తుండండి" అంటాం. వాళ్ళు "చూస్తుంటాం, నిదానంగా వెళ్ళి రండి" అంటారు. ఆ మాట అనకుండా గడప దాటినవాళ్ళు లేరు, విన్నాక కాదన్నవాళ్ళు లేరు. అసలు జవాబు కూడా అక్కర్లేదు, మాట చేరితే చాలు. చేరిందా, ఇక వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా విన్నవాళ్ళు ఇల్లు కదలరు. కదలక తప్పని పరిస్థితి వస్తే, తమ ఇంటితోపాటు ఆ ఇంటిని కూడా తరువాతి ఇంటివాళ్ళకు అప్పగించి కదులుతారు. ఇది ఏ చట్టంలోనూ లేదు. అందుకే అందరూ పాటిస్తారు.

ఇప్పుడు తమ బస్సు ఏర్పాటును ఈ అలవాటు పక్కన పెట్టి చూడగలరు. మొదటి ఇంటి ఇగుచి గారు, అంటే గడ్డి చాపలు కుట్టే పెద్దాయన, తన ఇంటిని మొమొసె దంపతులకు అప్పగించి బస్సెక్కారు. మొమొసె దంపతులు ఆ ఇంటినీ, తమ ఇంటినీ కత్సుయె గారికి అప్పగించి ఎక్కారు. కత్సుయె గారు నా పొరుగు. నెత్తిన ప్లాస్టిక్ సంచి కట్టుకుని, చక్రాల బండి తోసుకుంటూ నా గుమ్మంలోకి వచ్చారు.

"కినుకొ గారూ, వెళ్ళొస్తాను. కాస్త చూస్తుండండి."

"చూస్తుంటాను" అన్నాను. నోటికి అంత అలవాటు.

"మాదీ, మొమొసె వాళ్ళదీ, ఇగుచి గారిదీ. ఆఁ, ఒరిహారా వాళ్ళది కూడా."

"ఒరిహారా వాళ్ళు ఊరు విడిచి వెళ్ళి ఎన్నేళ్ళయిందండీ! ఆ ఇంటి కప్పు మీద చెట్టు మొలిచింది."

"వెళ్ళొస్తామనే కదండీ వెళ్ళారు. రామని చెప్పలేదుగా పాపం."

"ఈ బండిలో ఏమిటి?"

"చేపల తొట్టి మొమొసె ఆవిడది. కుదుపుకు బెదురుతాయట, బస్సులో వద్దంది. ఈ పలకలు ఇగుచి గారి పెద్దలవి. పొద్దున్నే ముందు ఇంత అన్నం పెడితే చాలన్నారు."

"పెద్దల పేర్లున్న పలకలను ఎవరైనా వదిలి వెళ్తారా అండీ?"

"పునరావాస కేంద్రమంటే ఆ బడి వ్యాయామశాలే కదా. జన్మంతా చాపలు కుట్టిన మా నాన్నని వట్టి చెక్కనేల మీద కూర్చోబెట్టలేను అన్నారు. నేనేమంటాను?"

"మరి ఈ కుండ?"

ఇక్కడ కత్సుయె గారి గొంతు కాస్త తగ్గింది. "నాదేనండీ. కూరగాయలు ఊరబెట్టే తవుడు కుండ. మా అత్తగారికి వాళ్ళ అత్తగారిచ్చింది. రోజూ చేత్తో అడుగుదాకా కలపాలి, లేకపోతే చచ్చిపోతుంది. వాసనని చెప్పి డ్రైవరు ఎక్కించుకోనన్నాడు."

"వాసనే కదండీ మరి."

"మీరు కూడానా! ఉంగరం తీసి కలపండి. అడుగున వంకాయలున్నాయి, తినాలనిపిస్తే తినండి."

ఆవిడ వెళ్ళిపోయారు. ఇక నేను ఎవరికి చెప్పాలి? నా ఇల్లు దాటితే లాకులు, లాకులు దాటితే నది. "వెళ్ళొస్తాను, కాస్త చూస్తుండండి" అని నదికి చెప్పి రమ్మంటారా? అది చూస్తూ ఊరుకోదు, లోపలికే వచ్చి కూర్చుంటుంది.

కనుక కుండనూ, తొట్టినీ, ఇగుచి వారి పెద్దలనూ మేడ మీదికి చేర్చి, కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇది నిరాకరణ కాదని, విధి నిర్వహణ అని తమ దృష్టికి తెచ్చుచున్నాను.

3. లాకులు ఎత్తకముందే, వాననీళ్ళు పోయే దారిలేక కింది గదిలో నడుము లోతు చేరాక అగ్నిమాపక దళం పడవ వచ్చింది. వకుయి అనే కుర్రవాడు మెట్లెక్కి పైకి వచ్చాడు. వాళ్ళమ్మ నా దగ్గర చదువుకుంది. అప్పట్లో ఖండాల పేర్లు తారుమారు చేసేది, పిల్లవాణ్ణి మాత్రం బాగానే పెంచింది.

"బామ్మగారూ, రండి రండి. పడవ కిందే కట్టాను."

"బూట్లు."

"ఏంటండీ?"

"బూట్లు విప్పు నాయనా, చాపలున్నాయి."

"కింద నడుము లోతు నీళ్ళున్నాయి బామ్మగారూ!"

"కింద నీళ్ళున్నాయి. పైన చాపలున్నాయి."

విప్పాడు. అప్పుడు సంగతి చెప్పాను: ఇళ్ళన్నీ నా మీద ఉన్నాయి, ఎవరైనా చూస్తుంటామంటే ఇప్పుడే లేస్తాను.

"ఎవరు చూస్తారండీ! వీధిలో ఎవరూ లేరు కదా!"

"నేను చెప్తున్నదీ అదే కదా నాయనా."

అతను తన వైర్‌లెస్ సెట్టులో "చివరింట్లో ఒకరు మిగిలారు సార్, రానంటున్నారు" అన్నాడు. తమ ప్రణాళికలోని వాక్యం పుట్టింది ఈ క్షణంలోనే. రానని నేను అనలేదు. రాలేనన్నాను. పడవల్లో తిరిగే సమాచారం తడిసిపోయి ఉండవచ్చు.

అటునుంచి కేకలు వినబడ్డాయి. లాకులు ఎత్తాలి, కింద పట్టణాలు ఆగలేవు, ఆవిడను ఎత్తుకునైనా రా, అని. కుర్రవాడు నన్ను చూశాడు, కుండను చూశాడు, వాసన కూడా చూశాడు. చివరికి విసిగిపోయి, "సరే బామ్మగారూ, నేను చూస్తుంటాను, మీరు వెళ్ళి రండి" అన్నాడు.

వెంటనే లేచాను. తొట్టి పట్టుకుని పడవలో కూర్చున్నాను. కుండా, పలకలూ పడవలో పెట్టి, అతను తిరిగి మెట్ల మీదికి వెళ్ళి నిలబడ్డాడు. అప్పుడు అతని ముఖం చూశాను. తానేమన్నాడో అతనికి అప్పటికి అర్థమైంది. అతనూ ఈ నది ఒడ్డున పుట్టినవాడే.

"రావేం నాయనా?"

"చూస్తుంటానన్నాను కదండీ" అన్నాడు ఏడుపు గొంతుతో.

మళ్ళీ వైర్‌లెస్ సెట్టు, మళ్ళీ కేకలు. చివరకు దళనాయకులు షిగెనొ గారు కట్ట మీద నుంచి "నేను చూస్తుంటాన్రా, దిగి రా వెధవా!" అన్నాకగానీ అతను పడవెక్కలేదు. ఆ షిగెనొ గారు ఏం చేశారో తమ నివేదికలో ఎక్కడా లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. లాకులు ఎత్తారు. అందరూ వెళ్ళిపోయారు. ఆయన మాత్రం నీళ్ళు తగ్గి, మేమందరం తిరిగి వచ్చేవరకు ఆ కట్ట మీదే ఉన్నారు. భోజనం పడవలో పంపించారట. తరువాత నిమ్ము చేసి చాలా రోజులు మంచం మీద ఉన్నారు. నేను ఆరెంజి పళ్ళు తీసుకుని వెళ్తే, "మీ కుండ బాగానే ఉందా?" అని అడిగారు. నాది కాదన్నాను.

4. లాకులు ఆలస్యంగా ఎత్తినందువల్ల కింది పట్టణంలో కొన్ని దుకాణాల్లోకి నీళ్ళు వెళ్ళాయి. ఈ వసంతంలో ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అక్కడ సోయా పాలతో తోఫు చేసి అమ్ముతారట. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది.

"ప్రణాళికలో రాసిన ఆ ఒక వృద్ధురాలు మీరేనా అండీ?"

"నేనే."

"ఎలా ఉంటారో చూసిపోదామని వచ్చాను."

"ఎలా ఉన్నాను?"

"మామూలుగానే ఉన్నారు." చేతిలో గిన్నె సర్దుకుని, "మా సోయా గింజలన్నీ ఆ రోజు మేం నానబెట్టకుండానే నానిపోయాయండీ" అన్నారు.

నేను జరిగింది చెప్పాను. ఆయన టీ తాగారు. తోఫు గిన్నె నా చేతికిచ్చి, "వెళ్తానండీ, పక్కింటాయనకు చెప్పి వచ్చాను, ఆయనకూ పనులుంటాయి" అని త్వరగా లేచారు. అరుస్తారేమోననుకుని అన్ని జవాబులూ సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఒక్కటీ వాడే అవసరం రాలేదు. ఆ తోఫు చాలా బాగుంది. తినడం మాత్రం కష్టమైంది.

అయ్యా, లాకులు ఇంకెప్పుడూ నా కోసం ఆగకూడదు. తమ ప్రణాళిక సవరణ ముసాయిదాలో "నిర్ధారణ కాకపోయినను, అత్యవసరమైనచో తలుపులు ఎత్తవచ్చును" అని కొత్త పంక్తి చేరిందని చూశాను. అది ఎవరి కోసం రాసిందో నాకు తెలుసు. తప్పని కూడా అనను. అక్కడ కుర్చీలో నేను కూర్చున్నా అదే రాసేదాన్ని. కానీ ఇక్కడ కిటికీ దగ్గర కూర్చునేది కూడా నేనే కనుక, ఆ పంక్తి అమలు కాకముందే ఏదైనా చేయవలసినదిగా కోరుచున్నాను.

5. తమ విభాగం వారు చలికాలంలో పురమందిరంలో సభ పెట్టారు. నగురా అనే యువ అధికారి రంగుల పటం తెర మీద వేసి చూపించారు. నేను లేచి అడిగాను.

"మా ఇల్లు ఏ రంగులో ఉంది నాయనా?"

"ముదురు ఊదా అండీ."

"అంటే?"

"అత్యధిక శ్రద్ధ అవసరమైన ప్రాంతమండీ."

"మునుగుతుంది అనే మాట మీ ఆఫీసులో వాడరా?"

జనం నవ్వారు. పాపం ఆ అబ్బాయి చెవులు పటంలో లేని రంగుకు తిరిగాయి. సభ అయ్యాక తానే నా దగ్గరికి వచ్చి, ఆ రోజు ఎందుకు కదల్లేదని మర్యాదగా అడిగి, నేను చెప్పిందంతా రాసుకున్నాడు. చివరికి నివేదికలో అచ్చయింది మాత్రం "ఆస్తిపై మమకారము" అని. ఇగుచి గారి నాన్నగారు నా ఆస్తి కాదు. ఆ తవుడు కుండ మీద నాకు మమకారం లేదు, దాని వాసన మీద అసలే లేదు. ఈ రెండు పదములనూ తొలగించవలెను.

6. ఈ అంకె కింద నా మోకాళ్ళ గురించి రాసి, కొట్టివేశాను.

7. పరిష్కారం మేమే చూసుకోలేదా అని తమరు అడగవచ్చు. చూశాం. ఒక మధ్యాహ్నం అందరినీ టీకి పిలిచాను.

"ఇకమీదట వరద వస్తే ఎవరూ నాకు ఇల్లు అప్పగించొద్దు" అన్నాను.

"అసలు అప్పగించం" అన్నారు ఇగుచి గారు.

"అప్పుడు చేసింది ఎంత తప్పో!" అని మొమొసె ఆవిడ కళ్ళు కూడా తుడుచుకుంది.

"కుండ నేనే మోసుకెళ్తాను, డ్రైవరు ఏమన్నా సరే" అన్నారు కత్సుయె గారు.

మర్నాడు పొద్దున్న మొమొసె ఆవిడ నా గుమ్మం ముందు నుంచి వెళ్తూ, "పోస్టాఫీసు దాకా వెళ్ళొస్తానండీ, కాస్త చూస్తుండండి" అంది. "చూస్తుంటాను" అన్నాను. ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ అనడం అయిపోయింది, వినడం కూడా అయిపోయింది. ఆవిడ వచ్చేదాకా నేను చేపల కొట్టుకు వెళ్ళలేదు.

బస్సు క్రమాన్ని తలకిందులు చేసి, చివరి ఇంటి నుంచి మొదలుపెడితే ఎలా ఉంటుందనీ ఆలోచించాను. అప్పుడు నేను కత్సుయె గారికి, ఆవిడ మొమొసె వాళ్ళకు, వాళ్ళు ఇగుచి గారికి అప్పగిస్తారు. ఆయన నడవాలంటే కర్ర కావాలి, వినాలంటే చెవిలో యంత్రం కావాలి. నా మీది బరువు దించి ఆయన మీద పెట్టడమే అవుతుంది. అందరం ఒకేసారి వెళ్ళాలన్నా, ఎవరో ఒకరు చివర తాళం వేయాలి. ఆ చివరివాళ్ళు మళ్ళీ ఎవరికి చెప్పాలి?

చెప్పకుండా వెళ్ళిపోతే ఏం పోయిందని నగురా అబ్బాయి అడిగాడు. చదువుకున్నదానిని, కాబట్టి నిజాయితీగా ఆలోచించాను. ఏమీ పోదు. అయినా నేను వెళ్ళలేను. నా వల్ల కాదు. నా వయసులో మనిషి చేయగలిగినవీ చేయలేనివీ నిర్ణయమైపోయి ఉంటాయి. మళ్ళీ నీళ్ళు వస్తే, మళ్ళీ ఆ కిటికీ దగ్గర ఆ కుండ పక్కన కూర్చుంటాను. ఈసారి షిగెనొ గారు కట్ట మీద ఉండరు, ఆయనకు డాక్టరు వానలో తిరగవద్దన్నాడు. వకుయి కుర్రవాడికి ఈ మధ్యే కూతురు పుట్టింది, అతని నోట ఆ మాట మళ్ళీ అనిపించలేను. ఇదంతా రాస్తుంటే నవ్వు వస్తుంది. ఆ రోజు నీళ్ళు మెట్టు మెట్టుగా పైకి వస్తున్నప్పుడు మాత్రం నాకు భయం వేసింది. చాలా భయం వేసింది. ఈ వాక్యాన్ని అధికార భాషలో ఎలా రాయాలో తెలియలేదు.

8. ఇదే విషయమై నేను లోగడ వ్రాసిన అర్జీకి తమ కార్యాలయం నుంచి వచ్చిన జవాబు: "ప్రైవేటు నివాసముల సంరక్షణ బాధ్యతను ఈ విభాగము స్వీకరించజాలదు. తగు జాగ్రత్తలకై కరపత్రము జతపరచడమైనది." కరపత్రం అందింది. అందులో ఒక నవ్వు ముఖం కప్ప గొడుగు పట్టుకుని ఉంది.

అయ్యా, సంరక్షణ ఎవరు అడిగారు? చూస్తుండటమంటే తమరు ఏదో చేయాలని కాదు. నేనేం చేశాను గనుక? దొంగను పట్టుకోలేదు, నీళ్ళను ఆపలేదు. ఇగుచి గారి కొట్టులో చాపలు నానిపోతుంటే కిటికీలోంచి చూశాను. అంతే. వెళ్ళేవాళ్ళకు కావలసింది, వెనక ఒక మనిషి ఉన్నారన్న మాట. ఉన్న మనిషికి కావలసింది కదలకుండా ఉండటం. మా వీధిలో కదలకుండా ఉన్నవాళ్ళు మునుగుతారు, కట్ట మీద ఉన్నవాళ్ళకు నిమ్ము చేస్తుంది. ఈ పరీవాహక ప్రాంతం మొత్తంలో, వరద నాడు కదలకుండా ఉన్నా ఏ ఇబ్బందీ రాని మనిషి ఒక్కరే ఉన్నారు. తమ కార్యాలయం కొండ మీద ఉంది. తమ గది పై అంతస్తులో ఉంది. తుఫాను నాడు తమరు ఇంటికి వెళ్ళరాదని ప్రణాళిక మొదటి అధ్యాయంలోనే రాసి ఉంది. భోజనం అక్కడికే వస్తుంది. పైగా తమ గది కిటికీలోంచి మా వీధి కనిపిస్తుంది, నేను పటం మీద గీత గీసి సరిచూసుకున్నాను.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

వీధి ఖాళీ చేయమని మైకులో చెప్పే ప్రకటన చివర, తమ గొంతుతో, ఒక్క వాక్యం చేర్చవలెను: "షిమొదె వీధి వారందరూ నిదానంగా వెళ్ళి రండి, ఇళ్ళు నేను చూస్తుంటాను." మైకు మాకు అర్థం కాకపోయినా ఈ ఒక్క వాక్యం అర్థమవుతుంది, పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. దీనికి ఖర్చు లేదు. కరకట్ట ఎత్తు పెంచనక్కర్లేదు. ఈ ఒక్క మాట వినబడితే నేను అందరికంటే ముందు బస్సు దగ్గర ఉంటాను, నా మోకాళ్ళు ఒప్పుకున్నంత వేగంగా. లాకులు వేళకు లేస్తాయి. కింది పట్టణంలో గింజలు నానబెట్టినప్పుడే నానుతాయి.

విసుక్కోకుండా, కరపత్రం జతచేయకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (జవాబు వచ్చేదాకా),
ఉసామి కినుకొ

తా.క. అర్జీ కవరులో పెట్టబోతుండగా నగురా అబ్బాయి ఇటుగా వచ్చాడు, కట్ట కొలతలు తీసుకోవడానికి. ఒక్క వాక్యం మైకులో చేర్చడానికి ఎంత కాలం పడుతుందని అడిగాను.

"ఉపసంఘం కూర్చోవాలండీ. ఆ తరువాత సంఘం. ఆ పైన న్యాయ సలహా. వచ్చే ఏడాదికి అయిపోవచ్చు బామ్మగారూ."

"వానలు?"

"వచ్చే వారమండీ" అన్నాడు, తన తప్పేమీ లేకపోయినా తల వంచుకుని. వెళ్ళబోతూ, ఈ కవరు తానే తీసుకెళ్ళి తమ చేతిలో పెడతానన్నాడు. మంచి పిల్లవాడు. ఈ రెండు ముక్కలూ అతను గుమ్మంలో నిలబడి ఉండగా రాస్తున్నాను.

విభాగాధిపతి గారూ, సంఘాలన్నీ వాటి తీరిక కొద్దీ కూర్చోనివ్వండి. ఉపసంఘం అనుమతి లేకుండా తమరు చేయగలిగింది ఒకటుంది, తమకు వచ్చిన ఉత్తరం చివరిదాకా చదవడం. ఇక్కడిదాకా చదివారు కనుక ఇక దాచను.

నాదీ, కత్సుయె గారిదీ, మొమొసె వాళ్ళదీ, ఇగుచి గారిదీ. ఒరిహారా వాళ్ళది కూడా. తవుడు కుండ మాత్రం మాతోనే తీసుకెళ్తాం, తమరు కలపలేరు.

వెళ్ళొస్తాం. కాస్త చూస్తుండండి.